పాత కార్లలో క్యాబిన్ గాలి వడపోత

క్యాబిన్ గాలి వడపోత అంటే కారులోకి వచ్చే గాలి నుంచి దుమ్మును, పుప్పొడిని వేరుచేసే ఏర్పాటు. బయటి గాలిని వడకట్టి, వేడిచేసి లోపలికి పంపే పద్ధతిని అమెరికాలోని న్యాష్ మోటార్స్ 1938లో ప్రవేశపెట్టింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలి మారుతి 800లలో ఈ ఫిల్టర్ లేదు. వాటిలో అద్దాలు దించుకోవడమే అసలు గాలి మార్గం.

ఫిల్టర్ ఉన్న కార్లలో అది ఎక్కువగా గ్లవ్ బాక్స్ వెనుక ఉంటుంది. మార్చే గడువు సాధారణంగా 10,000–20,000 కి.మీ.; గ్రానైట్ క్వారీలు, మట్టి రోడ్లు ఉన్న చిత్తూరు ప్రాంతంలో అది ముందే పూడిపోతుంది. బ్లోయర్ మోత పెరిగి గాలి తగ్గడం దీని మొదటి గుర్తు. ముందు అద్దం కింది జాలీలో వేపాకు, చింతాకు చేరి కుళ్లితే వాన నీరు పోయే దారి మూసుకుంటుంది. ఏసీ వేయగానే ముక్క వాసన వస్తే కారణం చాలావరకు కూలింగ్ కాయిల్ తేమలో పెరిగిన బూజు. ఫిల్టర్ ఒక్కటే మార్చితే అది పోదు.

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుడులో ఇంజను వేడెక్కితే పాత కార్ల డ్రైవర్లు ఏసీ ఆపి హీటర్ వేస్తారు. ఇంజను వేడి కొంత హీటర్ ద్వారా క్యాబిన్‌లోకి మళ్లుతుంది. లోపలి గాలినే తిప్పే మీటను ఎక్కువసేపు ఉంచితే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగత వస్తుంది.