ధరణికోట రేవు – పొరుగు దేశములు



ధరణికోటకు బడిపిల్లలను వెంటబెట్టుకొని పోవుట నాకు చాలయేండ్ల యలవాటు. అమరావతిలో అమరేశ్వరుని దర్శనము చేయించి, మహాచైత్యపు దిబ్బ చూపించి, అచటినుండి పడమరగా నడిపించుకొని పోయి పాతకోట మట్టికట్ట యెక్కించెడివాడను. కృష్ణవైపు చేయి చూపి చెప్పు పాఠ మొక్కటే: ఇచ్చటినుండి మన పూర్వులు ఓడలెక్కి, తూర్పుసముద్రము దాటి, లంకకు, బర్మాకు, జావాకు నాగరకత నిచ్చిరి.

ఒక యేడు ఎనిమిదవ తరగతి పిల్ల యొకతె, "వాళ్ళు మనకేమీ ఇవ్వలేదా, మాస్టారూ?" అని యడిగెను. "ఇచ్చే ఉంటారులే" అని నడక సాగించితిని. గురుముఖమున కౌముది చదివిన వాడను. దాటవేత సమాధానము కాదని యెఱుగనివాడను గాను. ఆ ప్రశ్న ఉద్యోగము విడిచిన పిమ్మట గూడ నన్ను విడువలేదు.

నా పాఠము నేను కల్పించినది కాదు. 1926లో కలకత్తాలో కొందఱు విద్వాంసులు బృహత్తర భారత పరిషత్తును స్థాపించి, ఆగ్నేయాసియా రాజ్యములను ప్రాచీన భారతీయుల వలసలుగా వర్ణించిరి. చంపారాజ్యమును గూర్చి రమేశచంద్ర మజుందారు 1927లో ప్రకటించిన గ్రంథమునకు మకుటమునందే ఆ వలసలను మాట గలదు. పరతంత్రులమై తలవంచుకొనియున్న దినములలో అది మనకు ధైర్యము నిచ్చినది, వారిని నిందింపను. మన తెలుగువారును వెనుకబడలేదు. బర్మాలోని మోనులకు గల తలైంగు అను పేరు తెలింగ శబ్దభవమని పూర్వులు కొందఱు వాదింపగా మనవారు పొంగిపోయిరి. మోనులకు ఆ పేరే రుచింపదని విచారించినవా రెందఱు?

1962 మొదలుకొని ధరణికోటలో పురావస్తుశాఖవారు త్రవ్వగా ఇటుకల రేవుకట్టయు, ఓడలు వచ్చుటకు దగిన కాలువయు బయటపడినవి. కావున రాకపోకలు నిజము. విద్య యే దిక్కునుండి యే దిక్కునకు నడచెననునదియే ప్రశ్న.

దానికి సమాధానము మన పలనాటిలోనే, నాగార్జునకొండ శిలపై గలదు. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యవర్షమున బోధిసిరి యను ఉపాసిక చైత్యగృహము కట్టించి తామ్రపర్ణి, అనగా సింహళదేశపు, ఆచార్యుల కర్పించెను. ఆ యాచార్యులు కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి మున్నగు దేశములకు ధర్మమునందు ప్రసన్నత కలిగించినవారని ఆమె వ్రాయించెను. ఆ లోయలోనే సింహళవిహార మొకటి యుండినట్లు అదే శాసనము చెప్పుచున్నది. గురుపీఠమున నున్నది లంక. దానమిచ్చి మ్రొక్కినది ఆంధ్రగృహిణి! ఈ శాసనమును నేను విద్యార్థిదశలోనే చదివితిని; ప్రాకృతవిభక్తుల కొఱకు చదివితిని గాని యర్థము కొఱకు గాదు.

ఇట్టిదే మఱియొకటి. ఏడవ శతాబ్దమున చీనాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ధాన్యకటకదేశమునకు వచ్చి, సుభూతి, సూర్యుడు అను ఇరువురు భిక్షువులవద్ద మహాసాంఘికుల అభిధర్మమును కొన్ని నెలలు చదివెను. ఆ యిరువురును తిరిగి అతనివద్ద మహాయానశాస్త్రములు చదివిరని అతని జీవితచరిత్ర చెప్పుచున్నది. వయస్సు వచ్చిన పండితుడు పరదేశి ముందు పుస్తకము విప్పుకొని కూర్చుండుట యెంత కష్టమో పంతులుగా పనిచేసిన నాకు తెలియును.

సింహళమున కందికి చేరువనున్న గడలాదెణియ శాసనము 1344 నాటిది. ధర్మకీర్తి యను స్థవిరుడు శ్రీధాన్యకటకమున రెండంతస్తుల ప్రతిమాగృహమును బాగుచేయించెనని దానియందున్నది. మనము మఱచిన గుడిని సముద్రము దాటివచ్చి వారు నిలువబెట్టిరి. టిబెట్టువారును మఱువలేదు, బుద్ధుడు కాలచక్రమును ఇచ్చటనే యుపదేశించెనని వారి సంప్రదాయము. లాసాయొద్ద 1416లో వెలసిన డ్రెపుంగు విహారమునకు మన ధాన్యకటకము పేరే పెట్టుకొనిరి. 2006లో దలైలామా అమరావతిలో కాలచక్రదీక్ష జరిపినప్పుడు వచ్చిన టిబెట్టు ముదుసళ్లు దిబ్బచుట్టును ప్రదక్షిణము చేయుట చూచితిని.

ఇక రంగూను మాట. ఆంగ్లేయులు బర్మాను జయించిన పిమ్మట మన తీరపు జిల్లాలనుండి కూలీలు వేలకొలది రంగూను రేవునకు పోయిరి. కోరంగిరేవు పేరిట బర్మావారు వారిని కోరంగీలనిరి. 1930 మే నెలలో ఈ తెలుగు కూలీలు కూలిపెంపు కోరి పని మానగా యజమానులు బర్మావారిని పిలిచిరి. బేరము కుదిరి తెలుగువారు తిరిగి రాగానే ఆ బర్మావారిని పొమ్మనిరి. అంతట అల్లరి పుట్టి నూఱుమందికి మించి మడిసిరి. వారిలో అధికులు మనవారే. ఇరువురును బీదలు, లాభము మూడవవానిది.

ఈ దుఃఖమునకు శాస్త్రీయమైన నిదానము చెప్పినవాడు ఫర్నివాలు. 1902లో బర్మాకు ఉద్యోగియై వచ్చి, కొలువు విడిచిన పిమ్మటను ఆ దేశమును విడువక చదివినవాడు. బర్మాను, డచ్చివారి యిండీసును పోల్చి అతడు 1948లో ప్రకటించిన గ్రంథమున చెప్పినదేమనగా: వలసపాలనలో పలుజాతులు ప్రక్కప్రక్కనే బ్రదుకుచు అంగడిలో మాత్రమే కలిసికొందురు, ఎవరి మతము, ఎవరి భాష వారివి, అందఱి దను సంకల్ప మొకటి యుండదు. అట్టిచోట జాతీయత మొలచెనా, ఒక తెగను వేఱొక తెగపై ఉసికొల్పును. దొరల కొలువున నుండినవాడు దొరల పాలననే తప్పుపట్టుట మెచ్చదగినది.

ధరణికోటలోను అంగడి యుండెను. రేవు అందులకే గదా! కాని సరకు దిగినచోటనే భిక్షువు గూడ దిగి, చదువుకొని, చదివించి పోయెను. రంగూను రేవున మనవాని మూపున బస్తా యున్నది గాని వాని మాట వినువాడు లేడు. వాడును బర్మావాని మాట వినలేదు.

1947 మార్చిలో ఢిల్లీ పురానాకిల్లాయందు, హైదరాబాదున బుట్టిన సరోజినీదేవి యధ్యక్షతను, ఆసియా సంబంధముల మహాసభ జరిగినది. బర్మా, సింహళ ప్రతినిధులు పెద్ద పొరుగువారిని గూర్చిన తమ భయమును దాచుకొనలేదు. ఆ సంగతి చదివినప్పుడు మట్టికట్టమీద నేను చాచిన చేయి జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడితిని. లంకనుండి వచ్చిన పిల్లవాడొకడు నా పిల్లల నడుమ నిలిచి విన్నచో ఏమనుకొనియుండును?

ఇప్పుడును ఊరి బడివారు పిల్లలను తీసికొనిపోవునపుడు నన్ను పిలిచెదరు. పాఠము వరుస మార్చితిని. మొదట బోధిసిరి గురువులు, పిమ్మట హ్యూయన్‌త్సాంగు, ఆపై ధర్మకీర్తి. మన యోడల మాట వచ్చుసరికి ఎండ నడినెత్తి కెక్కును. పిల్లలు ఆకలి యందురు; కట్ట దిగి వచ్చెదము.