ఓరుగంటి ప్రభువులు సముద్రమునకు కట్టిన వెల

మన వార్షిక మహాసభా సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరినప్పుడు, చెరువులనుగూర్చి వ్రాయుదుమని తలచియుందురు. ఓరుగంటి సీమయందలి గంగపుత్రులకు పాకాల, రామప్ప, లక్నవరములకంటె దగ్గరి విషయమేమున్నది? అయినను మేము సముద్రమును ఎన్నుకొంటిమి. 2014వ సంవత్సరమున ఏర్పడిన మన రాష్ట్రమునకు గజమైనను సముద్రతీరము లేదు. కాని నీటిమీద బ్రతుకువారి సొత్తునకును సాహసమునకును వెల కట్టిన మిగుల గొప్ప శాసనమొకటి ఈ ఓరుగంటి సింహాసనమునుండియే వెలువడినది. అది మన బిడ్డలు ఎరుగవలసిన విషయము. ఎరిగి, మన చెరువులవైపు మరల చూడవలసిన విషయము.

కాకతీయ గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు ఏలిన ప్రభువు. ఆయన రాజ్యారంభమున వెలనాటిని జయించి కృష్ణాసాగరసంగమమునందలి దివిసీమవరకు తన అధికారమును నెలకొల్పెను. అచ్చటి అయ్యవంశపు ఆడుపడుచులైన నారమాంబా పేరమాంబలను వివాహమాడెను. వారి సోదరుడు జాయపసేనాని గజసాహిణియై, తరువాత నృత్తరత్నావళిని రచించెను. నాట్యశాస్త్రమనగానే జాయపను తలచువారు ఆయన ఉప్పునీటి గాలిలో పుట్టిన కుటుంబమువాడని మరచుచుందురు. ఓరుగంటికి సముద్రము ఈ విధముగా అత్తవారిల్లయినది.

ఆ తీరముననే, నేటి బాపట్ల జిల్లాలో, మోటుపల్లి యను రేవు గలదు. దానికి దేశ్యుయ్యక్కొండపట్టణమని మరియొక పేరు. గణపతిదేవుడు శాలివాహనశకము 1166లో, అనగా క్రీ.శ. 1244లో, అచ్చట ఒక అభయశాసనమును వేయించెను. సకలద్వీపములనుండి, దేశాంతరములనుండి వచ్చిపోవు నావికవర్తకులనుద్దేశించి చెప్పబడిన మాటలవి. దాని తాత్పర్యమును మా మాటలలో చెప్పెదము. పూర్వపు రాజులు తుపానుచే దెబ్బతిని ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలవంతముగా తీసికొనుచుండిరట. మేము అట్లు చేయము, ప్రాణములకంటె ధనమే ఎక్కువయని తలచి సముద్రయానమను మహాసాహసమునకు పూనుకొన్నవారికి, నిర్ణీతమైన శుల్కము తప్ప తక్కినదంతయు కీర్తికొరకును ధర్మముకొరకును విడిచిపెట్టుచున్నాము, అని రాజు పలికెను. ఎగుమతి దిగుమతులు రెంటిపైనను శుల్కము ముప్పదింట నొకవంతు. ఆపైన చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మొదలగు సరకులకు వేర్వేరుగ రేట్లు చెక్కబడినవి.

ముప్పదింట నొకవంతనగా ఎంత తేలికయో తెలియుటకు కౌటిల్యుని అర్థశాస్త్రమును ప్రక్కన పెట్టి చూడవలెను. అందు శుల్కవ్యవహారమున పరదేశమునుండి వచ్చు సరకుమీద మూల్యములో ఐదవవంతు శుల్కము. నావధ్యక్షుని అధ్యాయములోనైతే సముద్రతీరపు పల్లెలు, నదీతీరపు పల్లెలు క్లృప్తమను స్థిరమైన పన్ను ఇయ్యవలెను. మత్స్యబంధకులు పట్టినదానిలో ఆఱవవంతును నావకు అద్దెగా ఇయ్యవలెను. ఈ మాట మన కులమువారు గుర్తుంచుకొనదగినది. శాస్త్రకారుడు మనవారిని పేర్కొన్నది పన్ను పట్టికలో! అయితే ఆయన నిర్దయుడు కాడు. గాలిదెబ్బ తిని దారితప్పిన ఓడను తండ్రివలె ఆదరింపవలెననియు, నీటిచే చెడిన సరకుకు శుల్కము లేకుండగనో సగము శుల్కముతోనో విడువవలెననియు ఆయనే విధించెను. కాబట్టి గణపతిదేవుని అభయము ఆకసమునుండి ఊడిపడినది కాదు. పాత ధర్మమును నడుమ వచ్చిన రాజులు లోభముచే చెరుపగా, ఆయన మరల నిలబెట్టెననుట యుక్తము.

ఇంగ్లాండు దేశమునందు 1275లో మొదటి ఎడ్వర్డు రాజు చేసిన చట్టమునొకదానిని ఇందుకు పోల్చిచూడవచ్చును. పగిలిన ఓడనుండి మనుష్యుడో, కుక్కయో, పిల్లియో ప్రాణముతో బయటపడినచో ఆ సొత్తు రాజుది కాదని అందున్నది. ఏ ప్రాణియు మిగులనిచో రాజుదే. మన ఓరుగంటి శాసనము దానికంటె ముప్పదియొక యేండ్లు ముందటిది, పిల్లి బ్రతికినదా లేదా యని విచారింపనిది.

ఇందు రాజునకు లాభము లేకపోలేదు. ఒక ఓడను దోచినచో ఆ యేటికి బంగారము వచ్చును, మరుయేడు రేవు శూన్యమగును. పగిలిన ఓడ సొత్తును వదలుకొనుటయే రేవును సంపాదించుకొనుట. ఆ శతాబ్దపు చివర మార్కోపోలో ఈ రాజ్యమును ముత్ఫిలి యని పేర్కొని, ఇచ్చటి వజ్రములను, సాలెపట్టువంటి సన్నని వస్త్రములను పొగడెను. ఏలుచున్న రాణిని రాజుగారి భార్యగా చెప్పినాడు. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తెయని మన పిల్లలకును తెలియును, బాటసారి మాటలలో ఆపాటి పొరపాటు సహజము. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కొండవీటి రెడ్లు మోటుపల్లికి 1358లో మరల అభయశాసనము వేయించిరి. హరవిలాసమును కృతినందిన అవచి తిప్పయసెట్టి సంపద ఈ సముద్రవర్తకముదే.

ఇంతవరకు కీర్తి. ఇక మాకు నచ్చని మాట యొకటి చెప్పవలెను. ఈ శాసనములలో సరకునకు వెల యున్నది, వర్తకుని సాహసమునకు వెల యున్నది. అలలు దాటించి ఆ సరకును ఒడ్డునకు చేర్చు పడవవానికి చోటు లేదు. మన తూర్పుతీరమున చాలచోట్ల పెద్ద ఓడలు ఒడ్డును చేరజాలవు, దూరముననే లంగరు వేయును. మేకులు లేక కొబ్బరినారతో పలకలు కుట్టిన మసూలా పడవలే అలలపై సాగి సరకును, మనుష్యులను దింపినవని తరువాతి ఐరోపావారు వ్రాసిరి. ఆ పడవ నడపిన పల్లెకారుడు, చేప పట్టినవాడు, ఉప్పు పండించినవాడు, వీరి శ్రమ లేనిచో ముప్పదింట నొకవంతు ఎక్కడిది? తీరమును కాచుచున్న మడ అడవికి అసలు లెక్కయే లేదు. శుల్కశాలను దాటి పోనిదానికి వెల కట్టువారెవరు?

ఈ కొఱతను పూరింప యత్నించుచున్న విద్య మా జీవితకాలముననే పెరిగినది. 1997లో కొందఱు శాస్త్రజ్ఞులు ప్రకృతి మనుష్యునకు ఉచితముగా చేయు సేవలన్నిటికి ఏటికి 33 లక్షల కోట్ల డాలర్ల వెల యని అంచనా వేసిరి. అప్పటి లోకమంతటి వార్షికోత్పత్తి 18 లక్షల కోట్లు. ఆ వెలలో నూటికి 63 వంతులు సముద్రముది, అందు సగమునకు పైగా తీరప్రాంతముదే. ఇట్టి మహాసంఖ్యలయందు మాకు అంత నమ్మకము లేదు. సముద్రమును కొనగలవాడెవడు, అమ్మగలవాడెవడు? చిన్న లెక్కలే మాకు ఎక్కువ బోధపడినవి. 1999 అక్టోబరు నాటి ఒడిశా పెనుతుపానులో మడ అడవి వెడల్పుగా మిగిలియున్న కేంద్రపడా పల్లెలలో మరణములు తక్కువయని సౌదామినీదాసు, విన్సెంటు అనువారు 2009లో నిరూపించిరి. ప్రభుత్వము ముందుగా చేసిన హెచ్చరిక అంతకంటె ఎక్కువమందిని కాపాడినదనియు వారు దాచక చెప్పిరి. అయినను అడవిని నిలుపుకొనుట ధనలెక్కలో సైతము లాభమే యని తేల్చిరి. గణపతిదేవుని అత్తవారి దివిసీమను 1977 నవంబరు 19న ఉప్పెన ముంచి వేలకొలది ప్రాణములు తీసినది. ఆ పేరు విన్న తెలుగువారెవ్వరికిని ఈ లెక్క వివరింప నక్కరలేదు.

రొయ్యల చెరువుల వృత్తాంతము ఇట్టిదే. తొంబదులలో తీరమున వరిపొలములు రొయ్యల గుంటలైనవి, బావులలో ఉప్పు ఊరినది, వలవానికి ఒడ్డునకు దారి మూసుకొనినది. ఎగుమతి డాలర్లు మాత్రము పత్రికలకెక్కినవి. నాగపురమందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనసంస్థ నష్టమును గూడ లెక్కించి చూడగా, అది ఆదాయమును మించినది. 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టు తీరనియంత్రణ మండలమున అట్టి చెరువులను నిషేధించుచు ఇచ్చిన తీర్పునకు ఆ లెక్క యొక ఆధారము. 2005లో పార్లమెంటు చేసిన చట్టము ఆ పరిశ్రమకు అనుమతి మార్గము మరల తెఱచినది, అది వేఱు కథ.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు చేపలు గ్రుడ్లు పెట్టుటకై మరపడవల వేట నిషేధము. ఆ దినముల భృతిని ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు చేసినది. కుటుంబమునకు దినమునకు 330 రూపాయలకు లోపు. అది చాలునా చాలదా యనుటకు ముందు ఒక సంగతి గమనింపవలెను. వల వేయకుండుటకు గూడ వెల గలదని ప్రభుత్వములు ఒప్పుకొన్నవి. సముద్రమును విశ్రాంతిగా నుంచినవాడు లోకమునకు మేలు చేసినవాడని ఒప్పుకొన్నట్లే.

మన సీమకు వత్తము. మన చెరువుకు నేడున్న వెల గుత్త సొమ్ము మాత్రమే. చెరువు శిఖము ఆక్రమణకు లోనైనప్పుడు, మురికినీరు చేరి చేపలు తేలినప్పుడు, నష్టమెంతయని అధికారులు అడిగినచో మనవద్ద చూపుటకు గుత్త రసీదు తప్ప మరేమియు నుండదు. ఏటికి ఎన్ని మణుగుల కొరమీను, ఎంత జెల్ల, ఎంత వాలుగ పడినది, ఎన్ని ఇండ్లు ఆ కూర తిన్నవి, నీరు ఎన్ని నెలలు నిలిచినది, ఊరి బావులలో ఊట ఎంతకు చేరినది, ఎవ్వరును వ్రాసి యుంచలేదు. వ్రాయనిచో 1244లోని పడవవానివలె మనమును లెక్కకు రాము. గుత్తలనుగూర్చిన తీర్మానము ఈ సభలో చర్చకు రానున్నదని వింటిమి. ఆ చర్చకు ముందు ఒక్కొక్క గ్రామసంఘము తన చెరువుకు ఒక దస్త్రము తెఱచి, ఈ వానకాలము మొదలు మరుసటి వేసవివరకు పైవిషయములను నెలవారిగా వ్రాయింపవలెనని మా మనవి. కూలి లెక్కలు వ్రాయగల పడుచువారు ప్రతి ఊర నున్నారు. పుస్తకములకగు వ్యయమును వదాన్యులు భరింతురేని, రాబోవు మహాసభకు ఆ దస్త్రములు తెచ్చినవారికి మొత్తములు కట్టుటలో మేము తోడ్పడుదుము.