చెఱువునకు పండ్రెండవ యంగము



కార్తికమాసమున సముద్రముమీద వాయుగుండము పుట్టినదని విన్నంతనే మన నెల్లూరిసీమ పెద్దల తలంపు చెఱువుకట్టమీదికి పోవును. వాన మన చేతిలో లేదు. కట్ట మన చేతిలో నున్నది.

మనకు పడమట, కడపసీమలో, పోరుమామిళ్ల చెఱువు గలదు. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు దానిని కట్టించి, 1369వ సంవత్సరమున సంస్కృత శాసనమును వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు చొప్పున రెండేండ్లు పని జరిగెనని యందు కలదు. చెఱువునకు పండ్రెండంగములను, ఆఱు దోషములను సైత మా శాసన మెన్నినది. గట్టినేల, తీయనినీటి నది, రాతికట్టడము మొదలగునవి యంగములు. నేర్పరులగు పనివారి సమూహమును గూడ నొక యంగముగా జెప్పుట గమనింపదగినది. మనుష్యులు విడిచిన చెఱువు అంగహీనమే గదా!

దోషములలో మొదట జెప్పినది కట్టనుండి నీరూరుట. మట్టికట్టకు చెమ్మ సహజము. ఊరెడి నీరు తేటగా నున్నచో కనిపెట్టి యుండవలెను. బురదగా నున్నచో కట్టలోని మన్ను లోలోపల కొట్టుకొని పోవుచున్నదని యర్థము. ఎలుకకన్నము, ఎండ్రకాయ బొఱియ, చచ్చిన చెట్టు వేరు, ఇవియే నీటికి దారులు. కలుజు పూడినను, చాలకున్నను వరద కట్టమీదుగా పొర్లును. పొర్లిన నీటికి మన్ను నిలువదు. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటి వరద పొర్లి అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగెను. దిగువ పల్లెలలో పెక్కు ప్రాణములు పోయినవి.

పూర్వము చెఱువుల మరమ్మతునకై దశబంధ మాన్యము లుండెడివి. ఊరివారు చేయు పనికి కుడిమరామతు అని పేరు. 1858లో మద్రాసు ప్రభుత్వము దానికై చట్టము చేసెను. చట్టము మిగిలెను, ఆచారము సన్నగిల్లెను. ఆ పనిభారము పేదలపైననే పడిన చోట్లును గలవు. అట్టి వెట్టి మనకు వలదు. 1997 నాటి చట్టము రైతుల నీటిసంఘములకు చోటిచ్చినది. అందు నడుము వంచువారు మనమే కావలెను.

నేను బడిలో నున్నపుడు ఏటేట దసరాకు ముందు పిల్లలను కట్టవెంట నడిపించెడివాడను. ఒకయేడు తూముప్రక్క బురదధారను చూపినవాడు పదేండ్ల బాలుడు. ఆ సాయంకాలమే ఊరు కదలి మన్నుమోసెను. ఆ యేడు కట్ట నిలిచినది.

అయ్యలారా, ఈ దసరాకు ముందు మీ మనుమని చేయిపట్టుకొని కట్ట యీ కొననుండి యా కొనకు నడువుడు. ఏమి చూడవలెనో వానికి నేర్పుడు.