విల్లు, బాణం, గోల్ఫ్ కర్ర

1910లో బస్తర్‌లో భూమ్‌కాల్ తిరుగుబాటు చెలరేగినప్పుడు నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ వెంట నడిచిన గిరిజనుల చేతుల్లో ఉన్నవి ముఖ్యంగా విల్లంబులు, గొడ్డళ్లు. బస్తర్‌కు దక్షిణాన కోంటా వైపు నివసించే దోర్లలు మన కోయలకు దగ్గరి బంధువులే.

వెదురు విల్లును లాగి వదిలితే ఏం జరుగుతుంది? నారి వెనుకనుంచి నెట్టడంతో బాణపు పుల్ల పక్కకు వంగుతుంది, విల్లును తప్పించుకుంటూ ముందుకు సాగుతుంది, అటూ ఇటూ ఊగి నిటారవుతుంది. 1930లలో అమెరికా శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ దీన్ని అతివేగపు కెమెరాతో చిత్రించాడు. పుల్ల మరీ బిరుసైతే గురి ఒక పక్కకు, మరీ మెత్తనైతే మరో పక్కకు తప్పుతుంది. వయసు మీదపడి, చేతిబలం తగ్గి, తేలిక విల్లు పట్టినవాడికి పాత బాణాలు బిరుసైపోతాయి. పుల్ల మారలేదు, దాన్ని వంచే బలం తగ్గింది, అంతే! వేటగాడికి ఇది తిండి సమస్య.

గోల్ఫ్ కర్రకూ ఇదే లెక్క. 1829లో కలకత్తాలో క్లబ్బు వెలిసిన నాటికి ఈ ఆటలో చెక్క కర్రలే వాడేవారు. తర్వాత చాలాకాలం రాజ్యమేలిన హికరీ చెక్కలో ఏ రెండు కర్రలూ ఒకేలా వంగేవి కావు. ఉక్కు కర్రకు 1924లో అమెరికాలో, 1929లో బ్రిటన్‌లో అనుమతి లభించింది. 1970లలో గ్రాఫైట్ వచ్చింది. అప్పటినుంచి బిరుసుతనాన్ని కోరినట్టు తయారుచేయడం తేలికైంది. కర్ర తిప్పే వేగం గంటకు సుమారు 135 కిలోమీటర్లకు తగ్గితే బిరుసు కర్ర సరిగా వంగదు, బంతి తక్కువ ఎత్తున పోతుంది. అయినా కుర్రతనపు 'ఎస్' గుర్తును వదలడానికి చాలామందికి అహం అడ్డొస్తుంది! పైగా ఈ అక్షరాలకు ఉమ్మడి కొలమానం లేదు. ఒక కంపెనీ 'ఆర్' మరో కంపెనీ 'ఎస్' అంత బిరుసుగా ఉండవచ్చు. కొనేముందు పది బంతులు కొట్టి చూడాల్సిందే.