పాత రేడియో పిల్లలకిచ్చిన సూదంటురాయి

అవుకు ఊళ్లో ఏ పిల్లవాడికైనా అయస్కాంతం ఇస్తే ముందు ఇంట్లో కనబడిందానికల్లా ఆనిస్తాడు. నేల మీది నాపరాయి పలకదు, అది సున్నపురాయి. ఇత్తడి చెంబు పలకదు. తలుపు గొళ్లెం మాత్రం టక్కున పట్టేస్తుంది. వాన వెలిశాక వంక ఇసుకలో నల్లటి చార కనిపిస్తే అసలు ఆట అక్కడే. అయస్కాంతాన్ని ఆ ఇసుకలో దొర్లిస్తే ముళ్లపందిలా నల్లటి రజను లేస్తుంది. అందులో ఎక్కువ భాగం మాగ్నెటైట్. ప్రకృతిలో దొరికే సూదంటురాయి కూడా ఆ ఖనిజమే.

ఆ రాయి సంగతి మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. ఒంట్లో దిగిన ఇనుప ములుకును అయస్కాంతంతో లాగే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. రాతికి రుద్దిన సూది దక్షిణం చూపుతుందని, అదీ కాస్త పక్కకు ఒరుగుతుందని చైనా పండితుడు షెన్ కువో 1088 ప్రాంతంలో రాశాడు. భూమే ఒక పెద్ద అయస్కాంతమని 1600లో విలియం గిల్బర్ట్ తేల్చాడు. నాలుగైదేళ్ల వయసులో తండ్రి చూపించిన దిక్సూచి ఐన్‌స్టీన్‌ను జీవితాంతం వదల్లేదు.

ఇవన్నీ వైద్యులు, నావికులు, పండితుల కథలు. పల్లె పిల్లల చేతికి అయస్కాంతం వచ్చింది మాత్రం రేడియో పుణ్యాన. స్పీకరుకు గట్టి అయస్కాంతం కావాలి. 1930లలో వచ్చిన ఆల్నికో అయస్కాంతంలో నికెల్, కోబాల్ట్ ఉండాలి, అవి ఖరీదు. నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్ పరిశోధకులు ఇనుప ఆక్సైడ్‌కు, అంటే దాదాపు తుప్పుకే, బేరియం కలిపి కాల్చి గట్టి అయస్కాంతం చేశారు. 1952లో ఆ సంగతి లోకానికి చెప్పారు. అదే ఫెర్రైట్. తుప్పు చవక గనుక అయస్కాంతమూ చవకైంది. కడప ఆకాశవాణి వినిపించిన రేడియో, ఆ తర్వాత టేప్‌రికార్డరు మూలపడగానే స్పీకరు వెనక ఉన్న నల్లటి చక్రం పిల్లల సొత్తయింది. బొమ్మల కంపెనీ కన్నా పాత సామాన్లవాడే మనకు ఎక్కువ సైన్సు నేర్పాడని నా నమ్మకం.

ఈ ఆటకు బడిలో గౌరవం తెచ్చినవారిలో అరవింద్ గుప్తాను చెప్పుకోవాలి. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఆయన పారేసిన వస్తువులతో బొమ్మలు చేయించారు. పాత చెప్పు ముక్క, పెన్సిలు, కొన్ని రింగు అయస్కాంతాలు ఉంటే పెన్సిలు మొన మాత్రమే ఆనుకుని గాల్లో తేలుతూ గిరగిరా తిరుగుతుంది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇంట్లో చేయించాలంటే ఖర్చేమీ లేదు. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇసుకలో తిప్పండి; కవరు విప్పగానే రజను రాలిపోతుంది. ఆ రజనును అట్ట మీద చల్లి, కింద అయస్కాంతం పెట్టి అట్టను మెల్లగా తట్టండి. గీతలు వాటంతటవే వరుస కడతాయి. సూదిని అయస్కాంతంతో ఒకే వైపుగా ముప్పై నలభై సార్లు రుద్ది, ఆకు మీద పెట్టి పళ్లెంలోని నీళ్లలో వదిలితే ఉత్తర దక్షిణాలు చూపుతుంది. సూది పని మాత్రం పెద్దల చేత్తోనే జరగాలి.

1980లలో వచ్చిన నియోడిమియం అయస్కాంతాల సంగతి వేరు. గోళీల్లా మెరిసే ఆ చిన్న పూసలు రెండు మింగితే పేగు గోడల మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుని చిల్లు పెడతాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో వాటిని అసలు ఉంచకండి. మింగారన్న అనుమానం వస్తే కడుపునొప్పి వచ్చేదాకా ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆటకు పాత స్పీకరు చక్రమే చాలు, అదీ పగలనిది, నోట్లో పట్టనంత పెద్దది చూసి ఇవ్వండి.