అశ్మరీరోగి దేశాంతరయాత్ర: మోంటేన్ దినచర్య

ఫ్రెంచివాఙ్మయమున వ్యాసరచనకు మూలపురుషుఁడని ప్రసిద్ధిగన్న మిషెల్ ద మోంటేన్ 1580వ సంవత్సరమున నిల్లు వెడలి జర్మనీ, ఇటలీ దేశములకుఁ బయనమయ్యెను. పదునేడు మాసములు సాగిన యీ ప్రయాణము రోమునగరదర్శనయాత్రగాఁ బలువురచే వర్ణింపఁబడినది. అది కొంతవఱకు సత్యమే. కాని యాతనిని గుఱ్ఱ మెక్కించిన ప్రబలకారణము మఱియొకటి గలదు. అది మూత్రపిండములఁ బుట్టు నశ్మరీరోగము. ఆ రోగమును విడిచి యీ యాత్రాచరిత్రమును జదివినచో దాని ప్రధానార్థమే మఱుఁగుపడును.

అశ్మరి యాతనికిఁ బిత్రార్జితము. తండ్రి యగు పియేర్ అఱువదియేడవ యేటఁగాని యీ వ్యాధి నెఱుఁగలేదు. పిమ్మట నేడేండ్లు బాధపడి, మూత్రాశయమునందలి పెద్దఱాతివలన 1568లో మృతినొందెను. తండ్రికి రోగము పొడసూపుటకు నిరువదియైదేండ్లకుఁ బైగాఁ బూర్వమే, ఆయన సంపూర్ణారోగ్యవంతుఁడై యుండఁగాఁ గుమారుఁడు జనించెను. కుమారునకు నలువదియైదేండ్లు వచ్చునప్పటికి నాతనియందు నదే రోగ మంకురించెను. అంతకాల మా బీజము శరీరమున నెచ్చట దాఁగియుండెను? తోఁబుట్టువులు పెక్కురుండఁగాఁ దన కొక్కనికే యేల సంక్రమించెను? ఈ ప్రశ్నలను మోంటేన్ తన వ్యాససంపుటమున రెండవ భాగపుఁ గడపటి వ్యాసమున వేసి, వీనిని విశదీకరింపఁగలవాఁడు చెప్పు నితరాద్భుతములను సైతము నమ్ముదు ననెను.

అక్కాలమున నశ్మరీరోగికిఁ గానవచ్చిన ముఖ్యమార్గములు రెండు: శస్త్రము, జలము. మూత్రాశయమునందలి ఱాతిని గోసి తీయువారు యూరపుఖండమున నుండిరి. కాని యది ప్రాణసంశయకరమైన పని. సుశ్రుతసంహితయు నీ శస్త్రకర్మమును వర్ణించుచు, చేయనిచో మరణము నిశ్చయము, చేసినచో సందిగ్ధము గావున రాజానుజ్ఞ గొని మఱి పూనుకొనవలయునని విధించుట వైద్యగ్రంథములు చదివినవారికిఁ దెలిసినదే. ఇఁక మూత్రపిండమునందలి ఱాతిని శస్త్రముతోఁ దీయు విద్య పందొమ్మిదవ శతాబ్దపుటుత్తరార్ధమునఁగాని స్థిరపడలేదు. కావున మోంటేనునకు మిగిలినది జలమే. ఔషధగుణము గలవని పేరొందిన యూటలు దేశదేశముల నుండెను. వానిని వెదకికొని పోవుటయే చికిత్స.

వ్యాసముల ప్రథమముద్రణము 1580లో బోర్డో నగరమున వెలువడెను. ఆ యేడే జూన్ 22వ తేదిని మోంటేన్ స్వగృహమును విడిచి, సెప్టెంబరున లొరేన్ సీమలోని ప్లోంబియేర్ గ్రామమును జేరెను. అచ్చటివారు స్నానమునే ప్రధానముగా నెంచుచుండఁగా నాతఁడు పానమునకుఁ బ్రాధాన్య మొసఁగెను. 11 ప్రాతఃకాలములు జలము త్రాగెననియు, అందు 8 దినములు తొమ్మిదేసి పాత్రలు, 3 దినములు ఏడేసి పాత్రలు పుచ్చుకొనెననియు, 5 మాఱులు స్నాన మాడెననియు లేఖకుఁడు వ్రాసియుంచెను. అటనుండి స్విట్జర్లండులోని బాడెన్ స్నానఘట్టమునకును, పిమ్మట ఆగ్స్‌బర్గు, మ్యూనిక్ నగరముల మీఁదుగా నిటలీకిని బోయి, నవంబరు 30వ తేదిని రోము ప్రవేశించెను. అచ్చట లేఖకుఁడు కొలువు విడువఁగాఁ దరువాతి దినచర్యను మోంటేన్ తానే వ్రాయఁజొచ్చెను.

1581 మే 7వ తేదిని లూకాపట్టణ సమీపమునందలి యుష్ణజలగ్రామమునకు వచ్చి, యిరుమాఱులుగాఁ బెక్కువారములు వసించెను. అచ్చట నాతఁడు దినచర్య నిటలీభాషలో వ్రాయ మొదలిడెను. ఎంత జలము త్రాగెనో, ఎంత విసర్జించెనో, దాని వర్ణ మెట్టిదో, ఎన్ని యిసుకరేణువులు పడెనో యన్నియుఁ గొలిచి వ్రాసెను. ఆ పుటలనడుమనే, చదువు రాకున్నను నాశువుగాఁ గవిత్వము చెప్పు దివీజియా యను కాఁపువనితయు దర్శనమిచ్చుచున్నది. చిన్ననాఁడు తండ్రి యింట నరియోస్తో కావ్యమును జదువఁగా విని యామె యా విద్య నలవఱచుకొనెనఁట. ఆగస్టు 24వ తేదిని మూత్రమార్గమున నొక పెద్దఱాయి చిక్కుకొని, మిక్కిలి బాధ కలిగించి వెలువడెను. దాని యాకారమును బరిమాణమును వర్ణించి, యిట్టి సంకటమునఁ బ్రాణము పోవుట యెప్పుడును సంభవమే కావున మృత్యువునకు సంసిద్ధుఁడు గాకుండుట పిఱికితన మని యాతఁడు వ్రాసికొనెను.

వైద్యులయెడ నాతనికి నమ్మిక తక్కువ. ద్వారములను విరివి చేయు నౌషధములు ఱాయి పుట్టించు పదార్థమును వెలికిఁ ద్రోయునని యొక పక్షము; ఆ పదార్థమునే మూత్రపిండములకుఁ జేర్చునని ప్రతిపక్షము. ఈ రెండును శాస్త్రమే యని చెప్పఁబడుటను జూపి యాతఁడు పరిహసించెను. లూకా స్నానఘట్టమున నొక రోగి కోరికపై వైద్యులే తమ వాదములను విని తీర్పు చెప్పుమని యాతనిని వేఁడఁగా లోలోన నవ్వుకొనెను. అట్లని జలముల నంధముగా విశ్వసింపనులేదు. క్రైస్తవదేశముల ప్రసిద్ధస్నానఘట్టములను దాదాపుగా నన్నిటిని జూచితి ననియు, వానిచే నద్భుతఫలము గలుగుట కాన ననియు, హానియు నరుదే యనియు నిర్ణయించెను. ఆ నిర్ణయమునకు మూల మీ దినచర్యయందలి కొలఁతలే.

బోర్డో నగరాధ్యక్షుఁడుగాఁ దన్నెన్నుకొనిరను లేఖ 1581 సెప్టెంబరు 7వ తేదిని లూకా జలగ్రామముననే యాతనికందెను. నవంబరు 30వ తేదిని స్వగృహము చేరెను. రోగము పోలేదు. దానితోడనే జీవించి, 1592లోఁ గంఠరోగమున మరణించెను. దినచర్య యాతని కోటలోని పాతపెట్టెలో 1770లో ప్రూనిస్ అను మతాచార్యునకు దొరకెను. 1774లో కెర్లోన్ పరిష్కరణమున ముద్రితమయ్యెను. మూలప్రతి పిదప నదృశ్యమైనది. మూత్రమును ఱాళ్ళను గూర్చిన పుటలను ముద్రణమునఁ దొలఁగించియుండినచో నా కొలఁతలు శాశ్వతముగా నశించి యుండెడివి. ప్రాచీనలేఖనములఁ బరిష్కరించువా రరుచికరములని యేయే భాగములను విడువఁదలఁతురో యాలోచించుటకు నిది తగిన తార్కాణము.

విరివిగా నీరు త్రాగి మూత్రపరిమాణము పెంచుట యశ్మరి పునరుత్పత్తికిఁ బ్రతిబంధక మని నేఁటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఊటల మహిమకంటె నీటి పరిమాణమే ముఖ్యమైయుండు నని దీనివలన నూహింపవచ్చును. మోంటేన్ కొలిచిన దా పరిమాణమునే. దేహమునకు గంటు పెట్టక, బయటినుండి పంపు నాఘాతతరంగములచే ఱాతిని బొడిచేయు పద్ధతి మొట్టమొదట 1980లో మ్యూనిక్ నగరమున రోగికిఁ బ్రయోగింపఁబడెను. 1580 అక్టోబరున మోంటేన్ ఆ నగరమును దాఁటి, యూటలను వెదకుచు దక్షిణమునకుఁ బోయెను.