లస్కరు, సరంగు, లాకు: డెల్టా కాలువల్లో సరుకు పడవలు, మారిపోయిన జ్ఞాపకం

ఆత్రేయపురం మీదుగా వెళ్లేవాళ్లు పూతరేకులు కొనుక్కుని, పక్కనే ఉన్న లొల్ల లాకులు కూడా చూసి వస్తారు. గోదావరి మధ్య డెల్టా ప్రధాన కాలువ అక్కడ పాయలుగా చీలుతుంది. సినిమా షూటింగులతో పేరుపడ్డ చోటు. అక్కడ ఫొటో దిగుతున్న వారెవరినైనా లాకు అంటే ఏమిటని అడిగితే, కాలువకు నీళ్లు వదిలే తలుపులంటారు. అందులో నిజం సగమే. నీళ్లు వదలడానికి తూముంటే చాలు. లాకు కట్టింది పడవ కోసం. కాలువంటే పొలానికి నీరు తెచ్చేది మాత్రమేనని మనం అనుకోవడం మొదలుపెట్టాక, లాకు అర్థం కూడా మారిపోయింది. ఈ వ్యాసం ఆ మార్పు గురించే.

ముందు లాకు పనితీరు చెప్పుకోవాలి. డెల్టా నేల సముద్రం వైపు వాలి ఉంటుంది. కాలువ ఒకే వాలున పరుగెత్తితే గట్లు కోసేస్తుంది, పడవ ఎదురెక్కలేదు. అందుకని కాలువను మెట్లు మెట్లుగా దింపారు. మెట్టు ఉన్నచోట నీటికి ఒక దారి, పడవకు పక్కనే ఇంకో దారి పెట్టారు. పడవ దారి ఒక రాతి తొట్టి. దానికి ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత. పడవ తొట్టిలోకి రాగానే ఎగువ తలుపులు మూసి, దిగువ తలుపుల్లోని చిన్న తూములు ఎత్తుతారు. నీరు దిగుతుంటే బస్తాల బరువుతో సహా పడవా దిగుతుంది. లోపలి నీరు, బయటి నీరు ఒక మట్టానికి వచ్చేదాకా ఎంతమంది తోసినా తలుపు కదలదు. వచ్చాక పెద్ద కష్టం లేకుండానే తెరుచుకుంటుంది. మూసిన తలుపులు రెండూ ఎగువకు మొనదేలి నిలుస్తాయి కాబట్టి నీటి ఒత్తిడే వాటిని బిగించి పట్టుకుంటుంది. ఎదురెక్కే పడవకు ఇదంతా తిరగేసి చేస్తే సరి. ఇంజనూ అక్కర్లేదు, నూనే అక్కర్లేదు. కావలసిందల్లా నీరు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి.

దవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855 నాటికి వచ్చింది. ఆర్థర్ కాటన్‌ను డెల్టా రైతులు నీళ్లిచ్చినవాడిగా కొలుస్తారు. ఆయన మాత్రం నీటి రవాణాను సేద్యానికి ఏమాత్రం తీసిపోని ప్రయోజనంగా చూశాడు. రైళ్లమీద పోసే డబ్బు కాలువలమీద పెడితే దేశానికి చవకైన రవాణా, సాగునీరు రెండూ దక్కుతాయని జీవితాంతం వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ముందు కూడా ఆ మాటే చెప్పాడు. కమిటీ ఒప్పుకోలేదు. అయినా అప్పటికే గోదావరి డెల్టాలో పడవలు తిరగగల కాలువలు విస్తరించాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటికి అవి 500 మైళ్లకు దగ్గరగా ఉన్నాయి. గోదావరి ఏలూరు కాలువ, కృష్ణ ఏలూరు కాలువ ఏలూరులో కలుస్తాయి. బెజవాడకు దిగువన కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా పోయి బకింగ్‌హామ్ కాలువను అందుకుంటుంది. అంటే కాకినాడలో పడవెక్కించిన సరుకు సముద్రం మొహం చూడకుండా మద్రాసు చేరగలిగేది.

ఆ సరుకేమిటి? ధాన్యం, బియ్యం, ఉప్పు, వంటచెరకు, కొబ్బరి, పెంకులు, లంక పొగాకు. బరువెక్కువ, తొందర తక్కువ ఉన్న సరుకన్నమాట. దిగువకు ప్రవాహమే తోసేది. గాలి కలిసొస్తే తెరచాప, లోతు తక్కువైతే గెడ. గాలి లేకుండా ఎదురెక్కాల్సి వస్తే మాత్రం తాడే దిక్కు. ఒక కొస పడవ కొయ్యకు కట్టి, రెండో కొస భుజాన వేసుకుని, ఇద్దరో ముగ్గురో గట్టు వెంట ముందుకు వంగి నడిచేవారు. డెల్టాలో కాలువగట్టు మొదట వీళ్ల బాటే, ఆ తర్వాతే బండిబాట, బస్సుబాట అయింది. వంట పడవలోనే, పడక బస్తాల మీదే. 1890 నాటి మద్రాసు కాలువల, రేవుల చట్టం కింద పడవకు లైసెన్సు ఉండేది. ఈ రవాణా నాటుపడవలతో నడిచిందే కాని నాటుగా నడిచింది కాదు.

ఇంత పెద్ద వ్యవస్థ మన జ్ఞాపకంలో ఎలా మిగిలిందో చూస్తే విచిత్రంగా ఉంటుంది. గోదావరి మీద పడవ అనగానే తెలుగువాడికి 1964 నాటి ‘మూగమనసులు’ గుర్తొస్తుంది. అందులో పడవ మనుషుల్ని ఏరు దాటిస్తుంది. 1973 నాటి ‘అందాల రాముడు’ గుర్తొస్తుంది. అది రాజమండ్రి నుంచి భద్రాచలం పోయే లాంచీ. రెండూ నది మీదివే, రెంటిలోనూ మోసేది మనుషుల్నే. ధాన్యం బస్తాలతో నిడదవోలు వైపు నెమ్మదిగా పాకే కాలువపడవకు పాట లేదు. పాపికొండల నడుమ లాంచీకున్న అందం దానికి లేకపోవడం ఒక కారణం కావచ్చు. కాని అసలు కారణం వేరని నా అభిప్రాయం. యాత్ర చేసినవాడు రాస్తాడు. శ్రీపాద వంటివారి స్వీయకథల కాలంలో పడవ ప్రయాణం సాధారణమే, అయినా ఆ కలం ప్రయాణికుడిదే. తాడు లాగినవాడు రాయలేదు, అతన్ని అడిగి రాసుకున్నవారూ తక్కువే. మనం పడవ జ్ఞాపకమని దాచుకున్నది ప్రయాణికుడి జ్ఞాపకం. సరుకు రవాణా చరిత్రకు దాన్ని సాక్ష్యంగా పిలిస్తే అది చెప్పగలిగింది కొంచెమే.

నది ఎగువన మరో ప్రయత్నం జరిగింది. దాన్ని తలచుకునేవారు ఇంకా తక్కువ. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైంది. నాగపూర్, బేరారు పత్తిని ప్రాణహిత, గోదావరుల మీదుగా కాకినాడ రేవుకు దింపాలన్నది పథకం. దారికి అడ్డంగా రాతి మెట్టలున్నచోట, దుమ్ముగూడెం మొదలుకొని, ఆనకట్టలు, పక్కకాలువలు, లాకులు తలపెట్టారు. పని సాగుతుండగానే యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో పడమటి తీరానికి మొగ్గు వచ్చింది. 1871లో పథకాన్ని వదిలేశారు. నిండుగా నీళ్లుండేది ఏడాదిలో కొన్ని నెలలే అయిన నది, ఏడాది పొడవునా నడిచే రైలుతో పందెం కాసింది. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది. పత్తి కోసం పుట్టిందని దాన్ని చూసి ఊహించడం కష్టం.

దిగువ డెల్టాలోనూ రైలే పడవను చంపిందని సాధారణంగా రాస్తారు. కాలక్రమం దీనికి పూర్తిగా ఒప్పుకోదు. బెజవాడ నుంచి కటకం దాకా రైలు మార్గం 1893–96 మధ్య వచ్చింది. రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన 1900లో తెరుచుకుంది. ఆ తర్వాత కూడా దశాబ్దాల తరబడి కాలువల్లో సరుకు నడిచింది. రైలు దూరప్రయాణికుణ్ణి, తొందర సరుకును ఎగరేసుకుపోయింది. కళ్లం నుంచి మిల్లుకూ, మిల్లు నుంచి స్టేషనుకూ చేర్చే పని మాత్రం పడవదే. రైలు ఊరూరికీ రాదు, కాలువ వస్తుంది. ఆ ఒక్క బలాన్నీ పట్టుకుపోయింది లారీ. కాలువగట్టే రోడ్డయింది. రోడ్డు కాలువను దాటినచోటల్లా వంతెన లేచింది. పడవల రాకపోకలు పలచబడ్డాక తెరచాప కొయ్యకు ఎత్తు వదలాలన్న ధ్యాస పోయింది. ఎత్తు తక్కువ వంతెన ఒక్కటి చాలు, దానికి పైనున్న కాలువంతా పడవకు మూతపడ్డట్టే.

లారీ పని ఇలా ఉండగా కాలువ లోపల మరో తగువు నడిచింది. పైరుకూ పడవకూ నీరు ఒకటే, అవసరం ఒకటి కాదు. పడవకు కావలసింది నిలకడైన లోతు. పైరుకు కావలసింది పారకం. ఎండాకాలంలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తే పడవ ఒడ్డెక్కి కూర్చునేది. దాళ్వా పెరిగేకొద్దీ నీటి ఎద్దడి పెరిగి వంతులవారీ సరఫరా వచ్చింది. నాలుగు రోజులు నిండి నాలుగు రోజులు అడుగంటే కాలువలో సరుకు వేసేదెవరు? రెండో పంట ధరలో పడవ కిరాయి కూడా కలిసిపోయింది. దీనికి రైతును తప్పుపట్టడానికి లేదు, ఆకలి ముందు కిరాయి నిలవదు.

అయితే ఈ వాదనకు బకింగ్‌హామ్ కాలువ అడ్డు వస్తుంది. అది ఉప్పునీటి కాలువ, పైరుతో దానికి పేచీ లేదు. 1806లో మద్రాసు, ఎన్నూరు మధ్య మొదలై, 1876–78 కరువులో కూలిపనుల ద్వారా పెరిగి, అప్పటి గవర్నరు పేరు పెట్టుకుంది. అయినా అదీ పోయింది. అక్కడ శత్రువు ఇసుక. నదులు, వాగులు అడ్డుగా కలిసేచోటల్లా మేట వేస్తుంది, తుపాను గట్లు తెంపుతుంది, ఏటా తవ్వితేనే కాలువ. తవ్వించే ఆసక్తి సర్కారుకు తగ్గగానే లోతు తగ్గింది. చెన్నై నగరంలో ఇప్పుడు ఆ కాలువ వెంట, కొన్నిచోట్ల కాలువలోనే, ఎత్తు రైలు స్తంభాలు నిలబడ్డాయి. కాటన్ చూసి ఉంటే ఏమనేవాడో! కాబట్టి సేద్యం ఒక కారణమే కాని, ఏకైక కారణం కాదు. రెండు కాలువల్లోనూ కలిసే సంగతి వేరే ఉంది: ఆలనాపాలనా చూసే మనిషి పక్కకు తప్పుకోవడం.

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, భద్రాచలం–రాజమండ్రి గోదావరిని, వజీరాబాద్–విజయవాడ కృష్ణను కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2017లో ముక్త్యాల–విజయవాడ భాగానికి శంకుస్థాపన జరిగింది. నదిలో పని చేయడం వేరు. కాలువలోకి వచ్చేసరికి పాత చిక్కులే ఎదురుగా నిలుస్తాయి: ఎత్తు తక్కువ వంతెనలు, పాడైన లాకులు, వంతులవారీ నీరు.

ఇక సాక్ష్యాల కోసం వెతికితే దస్తావేజుల కంటే మాటలే ముందు దొరుకుతాయి. పడవ నడిపించే పెద్ద సరంగు. అది సేనానికి వాడే పారసీ మాట, ఓడల మీదుగా మన కాలువల్లోకి దిగింది. లస్కరు కథా అంతే. పారసీలో సైన్యమన్న మాట సముద్రం మీద ఓడ కళాసీ అయి, డెల్టాలో లాకు తలుపులు తీసే మనిషయింది. సరంగు పోయాడు. లస్కరు మాత్రం నీటిపారుదల శాఖ కొలువులో ఇంకా ఉన్నాడు. ఎండాకాలం చివర కాలువలకు నీళ్లొదిలిన రోజు సైకిలు గట్టున వాల్చి, షట్టరు మర తిప్పి, ఏ బోదెకు ఎంత పోవాలో చూసి వెళ్తాడు. పక్కనున్న రాతి తొట్టిలో తలుపులు ఊడిపోయి, గుర్రపుడెక్క పేరుకుని ఉంటుంది. దాని జోలికి పోవలసిన పని అతనికి లేదు.